పంట పోయినా పెంట పోదు: పాత సేద్యం జాడలను మట్టిలో పట్టుకునే పద్ధతి

చుట్టూ ఉన్న చేలకంటే నాలుగు అడుగులు ఎత్తుగా, పెంకు ముక్కలతో నిండిన దిబ్బ ఒకటి మన ఊళ్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. కొందరు పాటిదిబ్బ అంటారు, కొందరు పాటిగడ్డ అంటారు. ఎప్పుడో పాడైపోయిన ఊరు అది. అక్కడి మట్టికి పాటిమన్ను అని పేరు. వేసవిలో రైతులు దాన్ని బండ్లకు ఎత్తుకుని వెళ్లి చేలల్లో చల్లేవారు. పైరు ఏపుగా వస్తుందని వారికి తెలుసు. ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు.

ఆ ఎందుకు అన్నదే ఈ వ్యాసం. స్వీడన్‌లో ఓలోఫ్ అర్రేనియస్ అనే నేల శాస్త్రవేత్త 1920లలో చక్కెర దుంప సాగుకు పనికివచ్చే భూములను వెతుకుతూ మట్టిలోని భాస్వరాన్ని కొలుచుకుంటూ పోయాడు. కొన్ని చోట్ల అది కారణం లేకుండా ఎక్కువగా కనిపించింది. ఆరా తీస్తే అవన్నీ పాత ఊళ్లు ఉన్న చోట్లు. 1930ల మొదట్లోనే ఆయన ఈ కొలతను పురావస్తు శోధనకు వాడవచ్చని రాశాడు. పాటిమన్ను తోలిన రైతు ఆయన పక్కన ఉండి ఉంటే ఇందులో వింత ఏముందని అడిగేవాడేమో.

చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులు, రసాయన శాస్త్రం చదివే విద్యార్థులు, తమ పొలంలోనే పాత పెంకులు దొరికే రైతులు ఈ పని చేయవచ్చు. సగం పని మీ చేతులతో అవుతుంది. మిగతా సగానికి పెద్ద ప్రయోగశాల కావాలి. ఏది ఎక్కడివరకో చెబుతాను.

1. ముందు ప్రశ్న, తర్వాత పార

"ఇక్కడ పూర్వం వ్యవసాయం చేశారా?" అని మట్టిని అడిగితే జవాబు రాదు. ప్రశ్నను చిన్నది చేయాలి. ఈ దిబ్బకు పశువుల దొడ్డి ఏ పక్కన ఉండేది? దగ్గరి చేలకే ఎరువు వేసి దూరపు చేలను వదిలేశారా? వేసిన ఎరువు పశువులదా, మనుషులదా? పండించింది వరి, పప్పుల జాతా, లేక జొన్న, కొర్రల జాతా?

ఒక్కో ప్రశ్నకు ఒక్కో రసాయన సాక్షి. మొదటి రెండు ప్రశ్నలకు భాస్వరం చాలు. మూడోదానికి పేడలోని స్టెరాల్ జాతి కొవ్వు పదార్థాలు కావాలి. చివరిదానికి కార్బన్ ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు. ఎరువు ఎంత దండిగా వేశారో తేలాలంటే మాడిన గింజల్లోని నైట్రోజన్‌ను చూడాలి. అన్ని పరీక్షలూ చేయించాలని మొదటిరోజే అనుకుంటే డబ్బు, ఓపిక రెండూ అయిపోతాయి. భాస్వరంతో మొదలుపెట్టండి. అది ఏమీ చెప్పకపోతే మిగతావాటి జోలికి పోవద్దు.

భాస్వరానికే ఈ పెద్దపీట ఎందుకు? పైరు పొలంలోంచి నైట్రోజన్, పొటాషియం, భాస్వరం మూడింటినీ తీసుకుంటుంది. మనిషి, పశువు తిని, పేడగా, మూత్రంగా, ఎముకలుగా, బూడిదగా తిరిగి నేలకు ఇస్తారు. ఇచ్చిన నైట్రోజన్‌లో చాలా భాగం గాలిలోకి పోతుంది, నీటితో కిందికి జారుతుంది. పొటాషియం కూడా వానకు కొంత కదులుతుంది. భాస్వరం మాత్రం నేలలో పడగానే ఏదో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. సున్నం ఉన్న నేలలో కాల్షియాన్ని, పులుపు నేలలో ఇనుమును, అల్యూమినియాన్ని. వందల ఏళ్లయినా ఉన్న చోటినుంచి పెద్దగా కదలదు. అందుకే మట్టి పంటను మరిచిపోతుంది గాని పెంటను మరిచిపోదు. మీరు వెతుకుతున్నది పండిన గింజ జాడ కాదు, ఒకచోటినుంచి మోసుకొచ్చి మరోచోట వేసినదాని జాడ. ఈ తేడా మనసులో ఉంటే మున్ముందు చాలా తప్పులు తప్పుతాయి.

2. కాగితాలు, పెద్దవాళ్లు, అనుమతి

గ్రామ పటం సంపాదించండి. పొలాల పేర్లు అడగండి. పాటిమీద చేను, దొడ్డిచేను, మందబయలు, పెంటబంద వంటి పేర్లు వినబడితే రాసుకోండి. ఇలాంటి పేర్లు ఒక్కోసారి పరీక్షకంటే ముందే జవాబు చెప్పేస్తాయి.

ఆ తర్వాత ఊళ్లో ఎక్కువ వయసున్న రైతును పట్టుకోండి. నేను అడిగేది ఇంతే: "పెద్దయ్యా, ఈ చేలో మీ చిన్నప్పుడు గొర్రెల మంద పెట్టేవారా?" ఒకసారి ఒక పెద్దాయన నవ్వి, "మా నాయన గొల్లవాళ్లకు గింజలు కొలిచి మరీ పెట్టించేవాడు బాబూ, వరసగా పది రాత్రులు. ఆ మూల బండమీద పడుకునేవాళ్లు" అని చెయ్యి చూపించాడు. ఆ మూలను నేను ప్రాచీన దొడ్డిగా గుర్తు పెట్టుకుని ఉన్నాను. మూడు నిమిషాల మాటతో మూడు వారాల పొరపాటు తప్పింది. ఎరువు కోసం చేలో రాత్రిళ్లు మంద పెట్టడం, చెరువు పూడిక తోలడం, పాటిమన్ను చల్లడం, పాత ఇళ్ల గోడల మట్టి పొలంలో పరచడం, వీటన్నిటి గురించీ అడగాలి. ఇవన్నీ సేద్యపు ఆచారాలే. కాని అవి ఏ కాలానివో తెలియకుండా ప్రాచీనం అనడానికి లేదు.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలంలో అనుమతి లేకుండా పిడికెడు మట్టి కూడా తీయకూడదు. కేంద్రం రక్షించే స్థలాలకు 1958 నాటి చట్టం ఉంది, రాష్ట్రాలకు వాటి చట్టాలున్నాయి. రక్షిత స్థలం కాకపోయినా భూమి యజమాని ఒప్పుకోలు తీసుకోండి. మట్టి తీస్తుండగా నాణేలో నగలో బయటపడితే అవి మీవి కావు. పది రూపాయల విలువ దాటిన పాతనిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. విలువ చూసి నవ్వు రావచ్చు, కాని చట్టం చట్టమే.

3. పోలిక నేల

మొత్తం పనిలో జనం ఎక్కువగా తప్పేది ఇక్కడ. భాస్వరం ప్రతి నేలలోనూ ఉంటుంది. విశాఖ మన్యంలోని కాశీపట్నం దగ్గర భాస్వరపు ఖనిజమైన ఎపటైట్‌ను గనుల్లోనే తవ్వారు. అలాంటి రాతిమీద ఏర్పడిన నేలలో మనిషి అడుగు పెట్టకపోయినా భాస్వరం దండిగా కనిపిస్తుంది. కాబట్టి "ఇంత ఉంది" అనే అంకెకు ఒంటరిగా అర్థం లేదు. మనుషులు ఉండని పక్క నేలకంటే ఎంత ఎక్కువ ఉంది అన్నదే అసలు అంకె.

పోలికకు తీసే నేల అదే రంగు, అదే రాయి, అదే వాలు ఉన్నదై ఉండాలి. దిబ్బ ఎర్రనేలలో ఉండి పోలిక మట్టి నల్లరేగడిలోంచి తీస్తే ఆ లెక్క చెత్తబుట్టలోకే. కనీసం పదీ పన్నెండు చోట్ల తీయండి, ఒకే చోట పన్నెండు గుప్పెళ్లు కాదు. చెట్ల నీడను వదిలేయండి. నా మొదటి ప్రయత్నంలో పోలిక మట్టి అంతా ఒక వేపచెట్టు చుట్టూ తీశాను, ఎండగా ఉందని. పరీక్షలో భాస్వరం ఎక్కువైతే నీలం ముదురుతుంది, అది దిబ్బకంటే నీలంగా వచ్చింది. ఆ చెట్టుకింద మధ్యాహ్నం పూట ఊరి మేకలన్నీ పడుకుంటాయని తర్వాత తెలిసింది. ఎండకు నేను వెతుక్కున్న నీడనే అవీ వెతుక్కున్నాయి.

4. మట్టి తీయడం

హెక్టారు చేను, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, వంద మీటర్లకు వంద మీటర్లు అనుకుందాం. ఇరవై మీటర్లకు ఒక పుల్ల చొప్పున పాతితే అటు ఆరు, ఇటు ఆరు, మొత్తం 36 చోట్లు. ఒక్కోచోట రెండు లోతుల్లో తీస్తే 72 సంచులు. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. మొదటి విడతలో ఎక్కువ పలికిన చోటికి మళ్లీ వెళ్లి ఐదు మీటర్ల దూరంలో తీయాలి. ముందే ఐదు మీటర్లతో మొదలుపెట్టకండి, సంచులు మోయలేక మధ్యలో వదిలేస్తారు.

లోతు సంగతి కొంచెం నిలబడి ఆలోచించాలి. నాగలి, ట్రాక్టరు కలిపే పొర సుమారు 20 సెంటీమీటర్లు. ఆ పొరలో ఉన్నది ఎక్కువగా మన కాలమే. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం దాదాపు పది కిలోలు. ఏటా ఎకరానికి ఒక బస్తా చొప్పున ముప్పై నలభై ఏళ్లు వేసిన చేలో పై పొరను పరీక్షిస్తే మీకు కనిపించేది ఎరువుల కొట్టు చరిత్ర. కాబట్టి పై పొరను ఒక సంచిలో, దుక్కి పొర కింద 25 నుంచి 40 సెంటీమీటర్ల మట్టిని మరో సంచిలో పెట్టండి. పైన ఎక్కువ, కింద మామూలు అంటే కొత్త ఎరువు. కింద కూడా ఎక్కువ ఉంటే అప్పుడు ఆసక్తి పెంచుకోవచ్చు.

నల్లరేగడిలో ఈ లెక్క చెల్లదు. వేసవిలో ఆ నేల మీటరు లోతుకు పైగా పగుళ్లిస్తుంది, పై మట్టి పగుళ్లలో పడుతుంది, వానకు ఉబ్బి మూసుకుంటుంది. నేల తనను తానే దున్నుకుంటుందని మన రైతులు ఎప్పటినుంచో అంటున్నదే. ఈ మధ్య వేసిన డీఏపీ మీటరు కిందా దొరుకుతుంది, మూడు వేల ఏళ్ల నాటి పెంకు పైకీ వస్తుంది. అలాంటి చోట లోతును నమ్మకుండా, వైశాల్యంలో మచ్చ ఎలా పరుచుకుందో మాత్రమే చూడండి. వీలుంటే ఎర్ర చెల్క నేలల్లో పని నేర్చుకుని ఆ తర్వాత రేగడికి రండి.

ఆగర్, అంటే మట్టి తీసే బర్మా, ఉంటే సరే, లేకపోతే గడ్డపారతో గుంట తీసి గోడనుంచి గీకండి. ఒక్కో సంచికి పావు కిలో చాలు. సంచి బయట, లోపల రెండుచోట్లా చీటీ ఉండాలి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి పోతుంది. ప్రతి చోట రంగు, తడి, పెంకులు, బొగ్గు ముక్కలు, ఎముకలు ఏమి కనిపించాయో పుస్తకంలో రాసుకోండి. బొగ్గు కనిపిస్తే వేరుగా దాచండి, దాని అవసరం చివర్లో వస్తుంది.

స్టెరాల్ పరీక్షకు కూడా పంపాలనుకుంటే ఆ మట్టిని మొదటినుంచీ వేరుగా చూసుకోవాలి. ప్లాస్టిక్‌ సంచిలోని పదార్థాలు, మన చేతి కొవ్వు, రెండూ ఆ పరీక్షను చెడగొడతాయి. చేతి చర్మంలోనే కొలెస్ట్రాల్ ఉంటుంది. శుభ్రం చేసిన లోహపు గరిటెతో తీసి, అల్యూమినియం రేకులో చుట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచాలి. భాస్వరానికి ఇంత జాగ్రత్త అక్కర్లేదు. నీడన ఆరబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడితే చాలు.

5. కాగితంమీద నీలం

ఇది మీ చేతుల్లో అయ్యే పరీక్ష. సూత్రం పాతది: పులుపు ద్రావణంలో మాలిబ్డేట్ భాస్వరాన్ని పట్టుకుంటుంది, విటమిన్ సి దాన్ని నీలంగా మారుస్తుంది. పొలాల్లో వాడేందుకు దీన్ని చుక్కల పరీక్షగా 1960లు, 70లలో పురావస్తు పరిశోధకులు మలిచారు.

రెండు ద్రావణాలు కావాలి. మొదటిది: 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల అమ్మోనియం మాలిబ్డేట్ కరిగించి, 5 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 35 మిల్లీలీటర్లు కలపాలి. రెండోది: 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము ఆస్కార్బిక్ ఆమ్లం. మొదటి ద్రావణం ఒంటిమీద పడితే కాలుస్తుంది. దాన్ని కళాశాల ప్రయోగశాలలో, తెలిసిన అధ్యాపకుల చేత, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని చేయించుకోండి. రెండో ద్రావణం నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే. గాజు సామాను బట్టల సబ్బుతో కడగకండి. కొన్ని సబ్బుపొడుల్లో భాస్వరం ఉంటుంది, అప్పుడు నీళ్లకే నీలం వస్తుంది.

ఇప్పుడు పని. బూడిద మిగల్చని వడపోత కాగితం మధ్యలో పెసరగింజంత మట్టి పెట్టండి. మొదటి ద్రావణం రెండు చుక్కలు వేయండి. మట్టి తడిసి కాగితంలో పసుపు మరక వలయంగా పాకుతుంది. గడియారం చూసి 30 సెకన్లు ఆగండి. రెండోది రెండు చుక్కలు వేయండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత మట్టి అంచున సన్నటి బూడిద రంగు గీత, అందులోంచి ఆకాశనీలం, భాస్వరం దండిగా ఉంటే నేరేడుపండు రంగు పులుముకుంటూ బయటికి గీతలు గీతలుగా చీలుతుంది. సరిగ్గా రెండు నిమిషాలకు చూసి సున్నా నుంచి ఐదు వరకు అంకె వేయండి. రంగు ఎంత గాఢంగా ఉంది, వలయం ఎంత దూరం పాకింది, రెండూ చూడాలి. ఆలస్యం చేస్తే ఏ భాస్వరమూ లేని కాగితం కూడా నీలమవుతుంది. ఫోటో తీసి తర్వాత చూద్దాం అనుకోకండి, ఎండ వెలుతురు మారితే నీలమూ మారుతుంది.

అంకె వేసేవారికి ఆ మట్టి ఎక్కడిదో తెలియకూడదు. మరొకరు సంచులకు వేరే అంకెలు వేసి కలగాపులగం చేసి ఇవ్వాలి. దిబ్బమీది మట్టి అని తెలిస్తే మన కన్ను రెండు మార్కులు ఎక్కువ వేస్తుంది. ఇది నిజాయితీ లేక కాదు, ఆశ ఉండడం వల్ల.

సున్నపు గులకలున్న నేలలో ఒక చిక్కు ఉంది. ఆమ్లం చుక్క పడగానే బుసబుస పొంగితే సున్నమే ఆమ్లాన్ని తినేస్తోందని అర్థం. భాస్వరం ఉన్నా నీలం తక్కువగా వస్తుంది. అలాంటి మట్టిని నేరుగా ప్రయోగశాలకే పంపాలి.

6. ప్రయోగశాలలో ఏమి అడగాలి

ఎక్కువ పలికిన మచ్చనుంచి, తక్కువ పలికిన చోటునుంచి, పోలిక నేలనుంచి కలిపి ఓ ఇరవై సంచులు పంపండి. అడగవలసిన మాట "మొత్తం భాస్వరం". భూసార కార్డులో ఉండేది పైరుకు అందే భాస్వరం. అది ఈ ఏటి ఎరువుకు, ఈ ఏటి పైరుకు తగ్గట్టు మారుతుంది. రైతుకు అది కావాలి, మీకు కాదు. మట్టి పరీక్షా కేంద్రాలు చాలావరకు ఆ ఒక్కటే చేస్తాయి గనుక వ్యవసాయ విశ్వవిద్యాలయాల మృత్తికా శాస్త్ర విభాగాలను అడగడం మేలు.

వీలైతే మరో రెండు అంకెలు అడగండి. ఒక గ్రాము మట్టిని 550 డిగ్రీల వేడిలో కాల్చి ఆమ్లంలో తీసిన భాస్వరం ఒకటి, కాల్చకుండా తీసింది మరొకటి. రెండింటి తేడా సేంద్రియ భాస్వరం. పేడ, ఆకు, మనిషి మలం ఎక్కువగా చేరిన చోట ఈ వాటా పెరగవచ్చు. బస్తా ఎరువు ఖనిజ రూపంలో వస్తుంది కాబట్టి ఈ విభజన కొంత వెలుగు ఇస్తుంది. దీనిమీద ఒక్కదానిమీదే తీర్పు చెప్పేంత బలం మాత్రం లేదు. వేల ఏళ్లలో సేంద్రియ భాస్వరం కూడా ఖనిజంగా మారిపోతుంది. కాల్షియం, స్ట్రాన్షియం, జింకు, రాగి కూడా కొలిస్తే మంచిదే. మనుషులున్న చోట ఇవి భాస్వరంతో జతగా పెరుగుతాయని బ్రిటన్‌లో వదిలేసిన పాత పొలాల మీద చేసిన పరిశోధన చూపింది.

7. మచ్చల బొమ్మ చదవడం

గ్రాఫు కాగితంమీద చేను గీసి ప్రతి చోటి విలువను పోలిక నేల మధ్యస్థ విలువతో భాగించండి. రెండింతలు దాటినవాటికి ముదురు రంగు వేయడం నా అలవాటు. ఇది శాస్త్రం పెట్టిన హద్దు కాదు, కంటికి అనువు.

దొడ్డి అయితే మచ్చ చిన్నది, అంచులు తెగ్గోసినట్టు ఉంటాయి. కంచె లోపల పేడ, బయట లేదు. పెంటపోగు అయితే ఒకటి రెండు చోట్లే విపరీతంగా పలుకుతుంది. ఊరు అయితే అంకెలు గజిబిజిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎరువు వేసిన చేలు మాత్రం ముదురుగా పలకవు. తక్కువ పెరుగుదల, కాని చాలా దూరం పరుచుకుని, ఊరినుంచి దూరమయ్యేకొద్దీ పలుచబడుతుంది. గంప నెత్తిన పెట్టుకుని ఎవరు ఎంత దూరం నడుస్తారు? ఆ నడక దూరమే మీ బొమ్మలో కనిపించేది.

మన దేశంలో మరో మెలిక ఉంది. పేడ అంతా పొలానికి పోదు, పిడకలుగా పొయ్యికి పోతుంది. పొయ్యి బూడిద మళ్లీ ఇంటి వెనక పోగవుతుంది. ఇళ్ల దగ్గర భాస్వరం ఎక్కువ, చేలలో తక్కువ అని కనిపిస్తే పశువులు లేవని అనుకోకూడదు. వాటి పేడను కాల్చుకుని ఉండవచ్చు.

పేడను కాల్చడం అన్న మాట వచ్చింది కాబట్టి బూడిద దిబ్బల ముచ్చట చెప్పకుండా ఉండలేను. బళ్లారి చుట్టుపక్కల, రాయలసీమలో, పాలమూరు వైపు కొత్తరాతియుగపు బూడిద దిబ్బలు ఉన్నాయి. అనంతపురం జిల్లా పాలవాయి, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు అలాంటివే. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, కలిపేయకండి. నల్లటి గాజు ముద్దలు చూసి కొందరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. గుట్టు రసాయనంలో ఉంది. గడ్డిలో ఇసుకజాతి సిలికా ఉంటుంది, పేడలో అది చిక్కగా చేరుతుంది. తోడుగా పొటాషియం ఉంటుంది. దిబ్బంత పేడ అంటుకుంటే లోపలి వేడికి ఆ రెండూ కలిసి కరిగి గాజుగా గట్టిపడతాయి. బళ్లారి దిబ్బల మచ్చులను పరీక్షించి ఇది పశువుల పేడేనని పురావస్తు శాస్త్రవేత్త ఫ్రెడరిక్ జాయ్నర్ 1960లో ప్రకటించాడు. అంతకు ముందే, 1957లో ఉట్నూరులో తవ్విన రేమండ్ ఆల్చిన్‌కు బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు, దొడ్డి కంచె గుంజల గుంటలు దొరికాయి. రసాయనం చెప్పిన మాటకు గిట్ట సాక్ష్యం చెప్పింది. నాకు ఈ విషయంలో ఇంతకంటే నచ్చిన ఉదాహరణ లేదు.

మీ చేలో బూడిద పొర కనిపిస్తే సూక్ష్మదర్శినిలో చూపించండి. మేత మేసే జంతువుల పేగుల్లో తయారయ్యే అతి చిన్న సున్నపు గుండ్లు, గడ్డి సిలికా కణాలు కలిసి కనిపిస్తే అది కట్టెల బూడిద కాదు, పేడ బూడిద. 700 డిగ్రీలు దాటితే ఆ గుండ్లు చెదిరిపోతాయి. గాజుగా మారిన ముద్దల్లో వాటిని వెతికి లాభం లేదు.

8. ఎవరి పేడ?

భాస్వరానికి ముఖం లేదు. ఎద్దుది, మనిషిది, ఎముకది, బస్తాది, అన్నీ ఒకటే. ముఖం కావాలంటే కొవ్వులను అడగాలి. మనిషి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కొలెస్ట్రాల్‌ను కోప్రోస్టనాల్‌గా మారుస్తాయి. నెమరువేసే జంతువుల పేగుల్లో మొక్కల సైటోస్టెరాల్ 5-బీటా స్టిగ్మాస్టనాల్‌గా మారుతుంది. గాలి తగిలే మామూలు నేలలో ఆ కొవ్వులు కుళ్లితే 5-ఆల్ఫా రకం వస్తుంది. అందుకే ప్రయోగశాల ఒక పదార్థాన్ని కాదు, బీటా, ఆల్ఫాల నిష్పత్తిని చూస్తుంది. వాటితోపాటు పిత్తామ్లాలు కూడా కొలిపిస్తే మాట గట్టిపడుతుంది. లిథోకోలిక్ ఆమ్లం మనిషి వైపు, హయోడీఆక్సీకోలిక్ ఆమ్లం పంది వైపు వేలు చూపుతాయి. గొర్రెదా, ఎద్దుదా అని అడిగితే మాత్రం ఇది సరిగా తేల్చలేదు. మంద పెట్టిన చేనుకూ, పశువుల పెంట తోలిన చేనుకూ తేడా చెప్పాలంటే బొమ్మ ఆకారమే దిక్కు.

గ్రీసుకు చెందిన క్రీట్ దగ్గరి ప్సీరా అనే చిన్న దీవిలో కంచుయుగపు మినోవన్ నాగరికత కాలపు మెట్ల చేలకు ఎరువు వేసేవారని ఈ పద్ధతితోనే ఇయాన్ బుల్, ఫిలిప్ బెటన్‌కోర్ట్, రిచర్డ్ ఎవర్షెడ్ చూపించారు. మన దగ్గర జాగ్రత్త పడాల్సింది చెరువు గర్భాల్లో, వరిమడుల్లో. నీళ్లు నిలిచి గాలి ఆడని బురదలో ఈ బీటా రకం కొంత పేగులతో పని లేకుండానే తయారవుతుంది. పూడిక మట్టి తోలిన చేలో దాన్ని చూసి పశువులను ఊహించకండి.

9. మాడిన గింజలు దొరికితే

నేలలోని నైట్రోజన్ పోతుంది అన్నాను. గింజలోకి ఎక్కి, పొయ్యిలో మాడి బొగ్గయిన నైట్రోజన్ మాత్రం మిగులుతుంది. పేడ కుళ్లేటప్పుడు తేలిక నైట్రోజన్ అమోనియాగా ఎగిరిపోయి బరువైన నైట్రోజన్-15 వాటా పెరుగుతుంది. ఆ ఎరువు తిన్న పైరు గింజలోనూ అదే పెరుగుతుంది. 1843 నుంచి ఒకే చేలో ప్రయోగం నడుస్తున్న ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రపు గోధుమలు దీనికి తూకపు రాయి. గాలిలోని నైట్రోజన్‌ను సున్నాగా పెట్టి వెయ్యికి ఎన్ని వంతులు తేడా అని లెక్కిస్తే, ఐరోపా నేలల్లో ఎరువు లేని గోధుమకు మూడులోపు, దండిగా వేసినదానికి ఆరు పైన వస్తుంది. ఎమీ బొగార్డ్ బృందం 2013లో ఐరోపాలోని 13 కొత్తరాతియుగపు స్థలాల గింజలను ఇలా కొలిచి, తొలి రైతులే ఎరువు వేశారని తేల్చింది.

ఆ అంకెలను ఎత్తుకొచ్చి అనంతపురం మట్టికి అతికించకండి. ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉన్న చోట ఎరువు లేకపోయినా నైట్రోజన్-15 పెరుగుతుంది. ఇక ఉలవలు, పెసలు గాలి నైట్రోజన్‌ను తామే పట్టుకుంటాయి కాబట్టి ఎరువు సంగతి చెప్పలేవు. దక్కన్ కొత్తరాతియుగంలో పండినవాటిలో అవి ముఖ్యమైనవి కావడం మన దురదృష్టం. అండుకొర్ర గింజలు దొరికితే పట్టుకోండి, కాని అదే కాలపు అడవి జింక ఎముకనో మరేదో పోలికగా లేకుండా తీర్పు ఇవ్వకండి.

కార్బన్ గురించి క్లుప్తంగా. వెయ్యికి వంతుల లెక్కలోనే వరి, పప్పుల కార్బన్-13 విలువ మైనస్ 27 దగ్గర, జొన్న, కొర్రలది మైనస్ 12 దగ్గర ఉంటుంది. మధ్య అమెరికాలో అడవి నరికి మొక్కజొన్న వేసిన చేలను ఈ తేడాతోనే గుర్తించారు. దక్కన్‌లో ఇది దాదాపు పనికిరాదు. మన బీళ్లలో సహజంగా పెరిగే గడ్డి కూడా మైనస్ 12 జాతే. కొర్రచేనూ పచ్చికబయలూ మట్టికి ఒకటే.

10. కాలం

ఇన్ని పరీక్షలూ అయ్యాక కూడా మీ దగ్గర తేదీ లేదు. భాస్వరం మూడు వేల ఏళ్లదో, మూడు వందల ఏళ్లదో దాని మొహంమీద రాసి ఉండదు. అదే పొరలో దొరికిన బొగ్గునో, మాడిన గింజనో రేడియోకార్బన్ పరీక్షకు పంపాలి. గింజ అయితే మేలు, అది ఒక్క ఏడాది బతుకు. బొగ్గు ముసలి చెట్టుదైతే వందల ఏళ్లు ఎక్కువ చెబుతుంది. రెండూ లేకపోతే పెంకుల తీరు చూసి పురావస్తు శాఖ వాళ్లు చెప్పే కాలమే ఆధారం.

పరీక్షకు పంపినదానిలో సగం మట్టి మీ దగ్గర ఉంచుకోండి. పొడి డబ్బాలో, చీటీతో, ఎక్కడ ఏ లోతులో తీశారో పుస్తకంలో పుట అంకెతో సహా. అంకె తేడాగా వచ్చిన రోజున మళ్లీ కొలవడానికి అదొక్కటే ఉంటుంది. ఆ చేలో ఈలోగా మరో నాలుగు బస్తాల డీఏపీ పడి ఉంటుంది.